చిన్న రైలు నుంచి చీరల మూట దాకా

సమాఖ్య వార్షికోత్సవంలో రైలు మాటలేమిటని కొందరికి అనిపించొచ్చు. మన నూలు, మన పట్టు, మన చీర ఇవన్నీ దారి మీద ఆధారపడినవే కదా. అందుకే ఈ నాలుగు మాటలు.

మన పక్క రైలుకు నూరేళ్లు దాటింది. బౌరింగ్‌పేట, అంటే ఇప్పటి బంగారపేట నుంచి కోలారుకు 1913లో చిన్న పట్టాలు పడ్డాయి. రెండు పట్టాల మధ్య రెండున్నర అడుగులే. 1915లో యలహంక నుంచి చిక్కబళ్లాపురానికి ఇంకో చిన్న లైను వచ్చింది. దాన్ని వేసింది స్థానికులు వాటాలు కొన్న కంపెనీ, మైసూరు సర్కారు అండగా నిలిచింది. అప్పట్లో మైసూరు దివాను ఎవరనుకున్నారు? మన ముద్దేనహళ్లిలో పుట్టిన విశ్వేశ్వరయ్యగారే. తర్వాత కోలారు వైపు లైను శ్రీనివాసపురం, చింతామణి, శిడ్లఘట్ట మీదుగా వచ్చి చిక్కబళ్లాపురంలో కలిసింది.

మన ఇళ్లలో దీన్ని చిన్న రైలు అనే అనేవారు. మెల్లగా పోయేది, నిజమే. కానీ పల్లె పల్లెకూ ఆగేది. కాయగూరల గంపలు, ధాన్యం మూటలు, పెళ్లివారు, బడిపిల్లలు అందరికీ అదే బండి. చిన్న స్టేషను అంటే ఏముంటుంది? ఒక టికెట్టు కిటికీ, ఒక గంట, ఒక మాస్టరు, తాగడానికి నీళ్లు. నంది హాల్టు చూడండి, రాతి గోడలు, పెంకుల కప్పు, నూరేళ్ల పనితనం ఇప్పటికీ కనబడుతుంది. ఆ లైనులోని దొడ్డజాల, దేవనహళ్లి, ఆవతి స్టేషన్లతో పాటు దాన్ని కూడా కాపాడాలని ఇన్‌ట్యాక్ సంస్థ పూనుకుంది. మంచి పని.

1990ల్లో యలహంక వైపు పెద్ద పట్టాలు వేశారు. కోలారు వైపు మాత్రం బండి ఆగిపోయి, ఏళ్ల తరబడి చింతామణి, శిడ్లఘట్ట జనం బస్సులనే నమ్ముకున్నారు. 2013లో గానీ ఆ దారిలో పెద్ద రైలు రాలేదు. ఒక తరం పిల్లలు స్టేషన్లో రైలు చూడకుండానే పెరిగారు. 2021లో విమానాశ్రయం దగ్గర హాల్టు తెరిచారు, 2023 చివర్లో మెము బండ్లు చిక్కబళ్లాపురం దాకా వచ్చాయి.

బాగేపల్లివాళ్ల సంగతి వేరు. అక్కడ హైవే ఉంది, రైలు లేదు. పుట్టపర్తి వైపు లైను వస్తుందని మాట మాత్రం చాన్నాళ్లుగా వింటున్నాం. అది వచ్చేదాకా బాగేపల్లి మూట సుమారు 40 కిలోమీటర్లు బస్సు మీద చిక్కబళ్లాపురం రావాల్సిందే.

ఇక మన పని. శిడ్లఘట్ట పట్టుగూళ్ల మార్కెట్టు పేరు తెలియని పట్టు నేతగాడు ఉండడు. గూళ్లు అక్కడ, రీలర్లు అక్కడ, స్టేషనూ అక్కడే. అయినా మన సరుకు రైలెక్కేది తక్కువ. ఒక విషయం తెలుసుకోండి: రెండో తరగతిలో 35 కిలోల సొంత సామాను ఉచితంగా తీసుకుపోవచ్చు. అమ్మకం సరుకు మాత్రం ఆ లెక్కలోకి రాదు, దాన్ని పార్సిలుగా బుక్ చేయాలి. చీరల మూటను సీటు కింద తోసి, పట్టుబడి జరిమానా కట్టడం మనకు లాభం కాదు.

దీనికంటే పెద్ద అవకాశం ఇంకొకటుంది. రైల్వేవారు 2022లో ‘వన్ స్టేషన్ వన్ ప్రోడక్ట్’ అని ఒక పథకం తెచ్చారు. స్టేషన్లోనే చిన్న అంగడి ఇస్తారు, అక్కడి చేతిపని, చేనేత అమ్ముకోవచ్చు. చేనేత గుర్తింపు కార్డు ఉన్నవాళ్లు, స్వయం సహాయక సంఘాలవాళ్లు అడగొచ్చు. అడిగినవాళ్లు ఎక్కువైతే చీటీలు తీసి వంతులవారీగా ఇస్తారు. మన లైను నైరుతి రైల్వే బెంగళూరు డివిజనులోది కాబట్టి అర్జీ అక్కడికే పోవాలి.

ఆదివారం నంది కొండకు వచ్చే బెంగళూరు జనం ఎంతమందో మీకు తెలుసు. వాళ్లు దిగే చోట మన చీర కనబడకపోతే, ఎక్కడిదో పవర్‌లూమ్ గుడ్డ చేనేత పేరుతో కనబడుతుంది. మధ్య దళారీ లేకుండా నేసినామె చేతికే డబ్బు రావడం మన ఇళ్లకు చిన్న మాట కాదు. ఒక్క కుటుంబం రోజంతా అంగట్లో కూర్చుంటే మగ్గం ఆగిపోతుంది, అది మాకూ తెలుసు. అందుకే నాలుగైదు ఇళ్లు కలిసి, వంతులు వేసుకుని, ఒకే అర్జీ పెట్టుకుంటే బాగుంటుందని మా అభిప్రాయం.

ముందు కార్డుల సంగతి చూడాలి. చాలా ఇళ్లలో కార్డు తాత పేరు మీదే ఉంది, మగ్గం మీద కూర్చునేది కోడలు. నేసేవాళ్ల పేరుతో కార్డు తీసుకోండి. భోజనాల తర్వాత సమాఖ్య బల్ల దగ్గర చింతామణి, శిడ్లఘట్ట, చిక్కబళ్లాపురం, బాగేపల్లి ఊర్లకు వేర్వేరుగా పుస్తకాలు పెడుతున్నాం. కార్డు ఉన్నవాళ్లు నంబరు, లేనివాళ్లు పేరు రాసి పొండి.