సువర్ణమునకు ఎన్ని వర్ణములు?
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



'సువర్ణ'మనగా మంచి వన్నె గలదని యర్థము. కాసులపేరునందు జూచినను, కంసాలి కుంపటియందు జూచినను ఆ వన్నె పసుపే. అయినను బంగారమునకు వేఱు వన్నెలును గలవు. ఆ మర్మమును పరిశోధించిన మహనీయుడు బాల్యమున పుస్తకములకు అట్టలు కట్టినవాడు. నేటి సభకు దగిన కథ యగుటచే మనవి చేయుచున్నాను.

మైకేల్ ఫారడే 1791లో ఇంగ్లండున నొక కమ్మరి యింట జన్మించెను. బడిచదువు స్వల్పము. పదునాలుగవ యేట లండనులో నొక పుస్తకముల బైండరు కడ పనికి గుదిరి, తాను కుట్టిన పుస్తకములనే చదివి శాస్త్రజ్ఞుడయ్యెను. బంగారు లవణము కరగిన నీటిని ఆయన భాస్వరముతో కలిపి చూడగా, ఆ నీరు కెంపువన్నె దాల్చెను. అందు రంగేమియు వేయలేదు. ఆ యెఱుపు బంగారమునదే. సూక్ష్మదర్శినికిని అందనంత సన్నని రేణువులై బంగారము నీట నిలిచియున్నదని ఆయన గ్రహించి, 1857లో రాయల్ సొసైటీ సభలో విన్నవించెను. ఇంచుక ఉప్పు చేర్చగా ఆ యెఱుపు నీలమయ్యెను.

కారణమేమి? మీటరును నూఱుకోట్ల భాగములు చేసిన అందొకటి నానోమీటరు. ఎఱుపు నిచ్చు రేణువు ఇట్టివి సుమారు 20 మాత్రమే. కాంతి తాకినపుడు బంగారములోని ఎలక్ట్రానులు ఉయ్యెలవలె ఊగును. ఉయ్యెల లయకు సరిగా ఊపినపుడే గదా అది పైకి లేచును! ఈ రేణువులకు లయ కుదురునది ఆకుపచ్చ కాంతితో. దానిని రేణువులు మ్రింగగా, మిగిలిన యెఱుపు మన కన్ను జేరును. ఉప్పు పడిన రేణువులు గుమిగూడును, లయ మాఱును, వన్నెయు మాఱును. 1908లో గుస్టావ్ మీ అను జర్మను శాస్త్రజ్ఞుడు దీనికి గణితము కూర్చెను.

1951లో టర్కెవిచ్ ప్రభృతులు, మఱుగుచున్న బంగారు ద్రావణమున సిట్రేటు, అనగా నిమ్మపులుసునకు సంబంధించిన లవణము, చేర్చి యీ రేణువులను పొందు సులభమార్గమును వివరించిరి. నేడు మందుల అంగడిలో దొరకు గర్భనిర్ధారణ పట్టీలు అనేకములందు కానవచ్చు ఎఱ్ఱగీత యీ బంగారు రేణువులదే.

జమాఖర్చులు వ్రాసికొనుచు, ఈ గ్రంథాలయముననే భారతభాగవతములు చదివికొన్నవాడను. వానియెడ నాకు గల భక్తి మీరెఱుగుదురు. ఆ భక్తితోనే యొక మనవి: మన బీరువాలు పురాణములతో నిండియున్నవి, ప్రకృతిశాస్త్ర గ్రంథములు ఒక అఱకైనను చాలవు. రజతోత్సవపు చందాలలో సగము వానికి వినియోగింపుడు. కమ్మరి బిడ్డకును కూలి బిడ్డకును అవి యింటికిచ్చి పంపుడు. చినుగునను భయము వలదు. చినిగిన పుస్తకమును మరల కుట్టించవచ్చును. చదువక గడచిన బాల్యము మరలి రాదు.