తెగులేదో తెలిశాకే మందు
(స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి, విశ్రాంత వ్యవసాయాధికారి చేసిన ప్రసంగ పాఠం)



తెగుళ్ళ మందులు ఈ సభకు తగిన విషయమేనా అని ఒకరిద్దరు మిత్రులు అడిగారు. మనలో చాలామందికి కృష్ణా డెల్టాలో ఎంతో కొంత పొలం ఉంది. ఎక్కువమందిమి కౌలుకిచ్చేసి హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటున్నాం. మందుల ఖర్చు కౌలురైతుదే, అదీ చాలాచోట్ల కొట్లో అరువు మీద. పొలం మనది గనుక ఈ మాట కూడా మనకు సంబంధించినదే.

మన భాషలోనే ఒక చిక్కుంది. పైరుకు ఏ జబ్బు వచ్చినా తెగులు అనే అంటాం. వరిలో అగ్గితెగులు, పాముపొడ తెగులు శిలీంధ్రాల వల్ల, అంటే బూజు జాతి వల్ల వస్తాయి. ఎండాకు తెగులు బాక్టీరియా వల్ల వస్తుంది. మినుములో పల్లాకు తెగులు వైరస్ జబ్బు, దాన్ని మోసుకొచ్చేది తెల్లదోమ. పేర్లన్నీ ఒకే వరసలో ఉండేసరికి మందు కూడా ఒకటే అయి ఉంటుందనుకుంటాం. కార్బెండజిమ్, మాంకోజెబ్, హెక్సాకొనజోల్ శిలీంధ్రాల కోసం తయారైనవి. వాటిని ఎండాకు తెగులు మీద మూడుసార్లు కొట్టినా అది తగ్గదు, అప్పు మాత్రం పెరుగుతుంది.

పొగాకు సంగతి చెబితే ఇది ఇంకా బాగా తెలుస్తుంది. ప్రపంచంలో మొట్టమొదట గుర్తించిన వైరస్ పొగాకు మొజాయిక్ జబ్బుదే. 1892లో రష్యాలో ఇవనోవ్‌స్కీ, 1898లో హాలెండులో బైయెరింక్ దాని మీద పనిచేశారు. దానికి ఈ మందులేవీ పనిచేయవు. చేతులు సబ్బుతో కడుక్కుని నారు ముట్టుకోవాలి, నారుమడి దగ్గర చుట్ట, బీడీ తాగకూడదు. పొగాకు రైతుకి చుట్ట మానమని చెప్పడం ఎంత కష్టమో మీరే ఊహించుకోండి!

శిలీంధ్ర మందు నిజంగా అక్కరకొచ్చేది నారుమడిలో. పొగాకు విత్తనం గ్రాముకు పదివేలకు పైగా తూగుతుంది. చెయ్యి కాస్త జారితే నారు ఒత్తయిపోతుంది. దానికి వాన తోడై మడిలో నీరు నిలిస్తే నారుకుళ్ళు పట్టి చాపలు చాపలుగా పడిపోతుంది. ఎత్తు మడులు కట్టడం, పలచగా చల్లడం, విత్తే ముందు మడిని ఒక శాతం బోర్డో మిశ్రమంతో తడపడం, మొలిచాక 20, 30 రోజులకు మెటలాక్సిల్, మాంకోజెబ్ కలిసిన మందును లీటరుకు 2 గ్రాముల చొప్పున కొట్టడం మంచి పద్ధతి. రాజమండ్రిలో 1947లో కేంద్ర పొగాకు పరిశోధనా సంస్థ పేరుతో పెట్టిన సంస్థ చాలాకాలంగా చెబుతూ వచ్చిన దారి ఇదే. ఇందులో ఇంకో లాభముంది. నారు దశలోని ఆకు బారనుకు వెళ్ళదు. నాటాక కప్పకన్ను మచ్చలకు కొట్టిన మందైతే ఆకు మీదే ఉండిపోతుంది. వడ్లకు ఊక తీస్తాం, కాయగూరలు కడుగుతాం, పొగాకును ఎవరూ కడగరు. అందుకే పరాయి దేశపు కొనుగోలుదారు ముందు అవశేషాల లెక్క అడుగుతాడు.

బోర్డో మిశ్రమం పుట్టుక సరదాగా ఉంటుంది. ఫ్రాన్సులో బోర్డో దగ్గర దారి పక్క ద్రాక్షను బాటసారులు కోసుకుపోకుండా మైలుతుత్తం, సున్నం కలిపి పూసేవారు. ఆ తీగలకు బూజు పట్టలేదని మిలార్డే గమనించి 1885లో ప్రకటించాడు. కిలో మైలుతుత్తం, కిలో సున్నం, వంద లీటర్ల నీళ్ళు. ఇనుప పాత్ర పనికిరాదు, కలిపిన రోజే వాడాలి. సున్నం చాలిందో లేదో చూడాలంటే మెరిసే కత్తి కాసేపు ముంచండి. ఎర్రగా రాగి పూత పడితే ఇంకొంచెం సున్నం పోయాలి.

ఇక వరి. బాపట్ల నుంచి వచ్చిన సాంబమసూరి అన్నానికి ఎంత బాగుంటుందో అగ్గితెగులుకు అంత తేలిగ్గా లొంగుతుంది. ట్రైసైక్లజోల్ శిలీంధ్రాన్ని ఆకులోకి చొరబడకుండా ఆపే మందు, ఎండిన మచ్చను పచ్చగా చేసేది కాదు. వెన్ను విరిగాక కొడితే డబ్బు నీళ్ళపాలే. పైగా యూరోపియన్ యూనియన్ 2017లో బియ్యంలో ఈ మందు పరిమితిని కిలోకు 1 మిల్లీగ్రాము నుంచి 0.01కి దించేసింది. ఆ దెబ్బ ముందు ఉత్తరాది బాస్మతికి తగిలింది. పాముపొడ నీటిమట్టం దగ్గర, దుబ్బు అడుగున మొదలవుతుంది. మనవాళ్ళు గట్టు మీద నుంచి ఆకుల కొసలకు కొట్టి వచ్చేస్తారు. యూరియా ఎక్కువైన చేలో ఏ మందూ పూర్తిగా నిలబడదని నా అభిప్రాయం.

ఎండాకు తెగులు అవునో కాదో ఇంట్లోనే చూడవచ్చు. కొత్తగా ఎండుతున్న ఆకును మచ్చ అంచు దగ్గర కత్తిరించి గాజుగ్లాసులో నీళ్ళలో నిలబెట్టండి. కాసేపటికి కోసిన చోట నుంచి పాలలాంటి జిగురు దిగితే అది బాక్టీరియా. అప్పుడు మందుల కొట్టుకు వెళ్ళనక్కర్లేదు. నీరు తీసి, యూరియా ఆపాలి. తేలకపోతే ఆకు పట్టుకుని ఘంటసాల గాని గరికపాడు గాని కృషి విజ్ఞాన కేంద్రానికి వెళ్ళమని మీ కౌలురైతుకు ఫోనులో చెప్పండి.

స్వర్ణోత్సవ నిధిలో కొంత తీసి మన బడి సైన్సు గదికి ఒక మంచి మైక్రోస్కోపు కొంటే, ఖరీఫ్‌లో ఆదివారం ఉదయాలు రైతులు తెచ్చిన ఆకులు పిల్లలతో కలిసి చూడటానికి నేను వస్తాను. కార్యవర్గం వారు సరేనంటే ఆగస్టు నుంచే మొదలుపెట్టవచ్చు.