ధ్వనివర్ధక యంత్రమున హోరు, భూమి తీగ



ధర్మపురి శేషప్పకవి నరసింహ శతకమునుండి యొక పద్యమును రాగయుక్తముగా చదువ నెంచి గాయకుడు హార్మోనియముపై శ్రుతి పట్టును. ఆ శ్రుతికంటె ముందే స్పీకరులో మఱియొక శ్రుతి మ్రోగుచుండును. ఏ రాగమునకును ఒదుగని శ్రుతి యది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతముల గుడులలోను, పెండ్లి పందిళ్లలోను ఈ హోరును వినని వారు లేరు. ఇంతవఱకు విసుగే గాని అపాయము లేదు. కాని హోరు మాన్పుటకై ప్లగ్గునందలి మూడవ పిన్నును విఱిచివేయు వాడుక యొకటి కలదు. అపాయమంతయు అచ్చటనే యున్నది.

సిరిసిల్లలో ఈ నేరమును సాంచెలపై మోపుట పరిపాటి. 1970 నుండి సహకార విద్యుత్ సరఫరా సంఘము కరెంటు నిచ్చుచున్న ఆ ప్రాంతమున, మగ్గపు మోటారు మొదలైనపుడు స్పీకరు చిటుక్కుమనుట నిజమే. అయినను ఎడతెగని హోరునకు కారణము సాంచె కాదు. తరచుగా అది మన తీగల కూర్పులోనే యుండును.

ఇంటికి వచ్చు కరెంటు 230 వోల్టులది. సెకనుకు 50 ఆవృత్తులు తిరుగును. ఫేజు తీగ దానిని తెచ్చును, న్యూట్రలు తిరిగి కొనిపోవును. మూడవదగు ఎర్త్ తీగకు నిత్యము పని లేదు. ఊరి కావలివాని వలె ఆపద వచ్చిన నాడే దాని యక్కఱ. అందుచేతనే కాబోలు దానిని దండుగ యనుకొనువారు పెక్కురు.

ఇపుడు వేదికమీద మిక్సరు ఒక సాకెట్టునుండి, ఆంప్లిఫయరు దూరపు గదిలో వేఱొక సాకెట్టునుండి పనిచేయుచున్న వనుకొనుడు. రెండింటికిని ఎర్త్ కలదు. రెండింటిని కలుపు ధ్వని తీగకు పైన అల్లిన లోహపు కవచ ముండును. భూమి తీగనుండి మిక్సరునకు, అటనుండి కవచము ద్వారా ఆంప్లిఫయరునకు, మరల భూమికి ఒక చుట్టు ఏర్పడినది. దీనినే గ్రౌండు లూపు అందురు. రెండు ఎర్తుల నడుమ ఏ కొంచెము వోల్టేజి భేదమున్నను ఈ చుట్టులో కరెంటు పాఱును. లెక్క చూడుడు: కవచపు నిరోధము ఓములో అయిదవ వంతు, అందు పాఱునది 50 మిల్లీ ఆంపియర్లు అయినచో 10 మిల్లీ వోల్టులు పుట్టును. మిక్సరు పంపు ధ్వని 300 మిల్లీ వోల్టులైనచో అందు ముప్పదవ వంతు హోరే! పద్యమునకును పద్యమునకును నడుమ సభ నిశ్శబ్దమైనపుడు అది స్పష్టముగా వినవచ్చును.

జాడ తీయుట సులభము. రెండు యంత్రములను ఆపి, కలుపు తీగను ఊడదీసి, ఆంప్లిఫయరును మాత్రము మరల నడుపుడు. హోరు పోయినచో చుట్టును శంకింపవలెను. వాల్యూము పూర్తిగా తగ్గించినను మారని హోరు యంత్రములోని కపాసిటరు మొదలగు వానిది. అది తఱచుగా సెకనుకు 100 ఆవృత్తులది. దానికి మరమ్మతే శరణ్యము.

కోరుట్ల, జగిత్యాల యిండ్లలో మఱియొక చిక్కు కలదు. దుబాయి, మస్కట్, దోహాలకు పనికి పోయినవారు తెచ్చిన యంత్రములకు మూడు బల్లపరుపు పిన్నుల ప్లగ్గు లుండును. అవి మన సాకెట్టులో పట్టవు. చవుక అడాప్టరు తగిలించినచో కరెంటు వచ్చును, ఎర్త్ మాత్రము తెగును. హోరును తగ్గిన ట్లగును, యజమాని మురియును.

ఒకనాడు లోపలి ట్రాన్స్‌ఫార్మరు ఇన్సులేషను చెడి ఫేజు ఇనుప పెట్టెకు తగిలె ననుకొనుడు. ఎర్త్ ఉన్నచో, దాని నిరోధము 5 ఓములైనను, 46 ఆంపియర్లు పాఱి ఫ్యూజు తెగిపోవును. లేనిచో పెట్టె 230 వోల్టులతో మౌనముగా నుండును. ఆ వోల్టేజియే కవచపు తీగ వెంట మైకు లోహపు తొడుగునకు చేరును. వానకు తడిసిన వేదికమీద వట్టికాళ్లతో నిలిచి మైకు పట్టిన బాలుని తలచుకొనుడు. ఇండ్లలో నమర్చు ఆర్.సి.సి.బి. 30 మిల్లీ ఆంపియర్లు దారి తప్పగనే కరెంటు నాపును. ప్రాణమునకు లెక్క అంత సన్నముగా నుండుటచేతనే దాని నట్లు నిర్మించిరి.

హోరును మాన్పవలసినది ధ్వని తీగలో. కరెంటు తీగలో కాదు. మొదట యంత్రములన్నింటిని ఒకే బోర్డునుండి, ఒకే ఎర్తునుండి నడుపుడు. పెక్కు హోరు లింతటితో అణగును. అణగనిచో ధ్వని తీగ నడుమ ఐసొలేషను ట్రాన్స్‌ఫార్మరు నుంచవలెను. ధ్వని అయస్కాంతబలముచే దాటును, లోహపు చుట్టు మాత్రము తెగును. దూరము ఎక్కువైనచోట రెండు లోపలి తీగల బాలెన్సుడు లైను మేలు. రెండు తీగలలోను సమముగా చొచ్చిన హోరును యంత్రము ఒకదానినుండి మఱియొకటి తీసివేయును. జమాఖర్చులు సరిపోయినట్లే. మైకు తీగను కరెంటు తీగ ప్రక్కన సాగనీయరాదు. అడ్డము దాటవలసివచ్చినచో నిట్టనిలువుగా దాటింపవలెను. గల్ఫు యంత్రమునకు ప్లగ్గునే మార్పించి, ఆకుపచ్చ పసుపు చారల తీగను పైనున్న పెద్ద పిన్నునకు బిగింపవలెను.

ఎర్త్ గుంత విషయ మొకటి మిగిలినది. వేసవిలో నేల ఎండినకొలది దాని నిరోధము పెరుగును. కావున ఏప్రిలు, మే నెలలలో గ్రంథాలయపు పూలచెట్లకు నీరు పోయువారు ఆ గుంతలోను రెండు బిందెలు పోయవలెను.