హత్య చేసిన బాలునకు దీర్ఘశిక్ష తగునా?

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేయబడిన ఉపన్యాసము)



గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన శుభసమయమున ఖూనీలను గూర్చిన ప్రసంగమేల యని కొందఱకు తోపవచ్చును. కాని పఠనమందిరమున వార్తాపత్రికల బల్లచుట్టు తీవ్రమైన వాదము చెలరేగునది ఇట్టి వార్తలమీదనే. మీసము రాని కుఱ్ఱవాడు ఒకరి ప్రాణము తీసినాడని పత్రికలో పడిన దినమున, “వానిని ఉరి తీయవలె” ననువారు ఒకవైపునను, “పసివాడు, వానికేమి తెలియును” అనువారు రెండవవైపునను చేరుదురు. కొంతసేపటికి పత్రిక మడిచి యెవరి యింటికి వారు పోవుదురు. ఈ రెండు పక్షములవారును సాధారణముగా అడుగని ప్రశ్న యొకటి కలదు. ఆ కుఱ్ఱవాడు నలువదియేండ్ల వాడగునప్పటికి చెఱసాలలో నుండువాడెవడు? నేరము చేసినవాడేనా, వాని పేరు గల మఱియొకడా? నేటి ప్రసంగము ఆ ప్రశ్నను గూర్చినది.

పూర్వులు దీనిని ఆలోచింపక పోలేదు. భారతము ఆదిపర్వమున మాండవ్యుని కథ కలదు. నన్నయభట్టారకుని తెలుగున దానిని చదివినవారు ఈ సభలో పెక్కురుందురు. మౌనవ్రతమున తపస్సు చేయుచున్న ఆ ముని యాశ్రమమున దొంగలు సొత్తు దాచి తామును దాగిరి. రాజభటులు వచ్చి యడిగినను ముని పలుకలేదు. సొత్తును దొంగలును దొరకగా, ఆయనయు వారిలోని వాడే యని కొఱత వేసిరి. ఎన్ని దినములైనను ప్రాణము పోలేదు. రాజు నిజమెఱిగి, వచ్చి క్షమాపణ వేడి, కొఱ్ఱు నూడదీయింపబోగా అది రాలేదు. కోయింపగా మొన శరీరముననే మిగిలెను. ఆ ముని యమధర్మరాజు సభకు పోయి, ఏ పాపమునకు ఇది ఫలమని నిలదీసెను. బాల్యమున పురుగులను పుల్లతో గ్రుచ్చితివి, దాని ఫలమిది యని ధర్ముడు బదులు చెప్పెను. చిన్న తప్పునకు ఇంత దండనమా యని ముని కోపించి, ధర్ముని దాసీగర్భమున పుట్టుమని శపించెను. విదురుడై పుట్టినవాడు ఆ ధర్ముడే. అంతతో ఊరకొనక, పదునాలుగేండ్ల ప్రాయము వఱకు చేసినది పాపముగా లెక్కింపబడదని లోకమునకొక హద్దు వేసెను.

ఈ కథను చూపి బాలాపరాధుల పక్షమున వాదించుట సులభమే. అయితే ముని గ్రుచ్చినది పురుగును. ఆ పురుగు తల్లి ధర్మసభకు వచ్చి యేడ్చిన జాడ కథలో లేదు. మాండవ్యుని హద్దును తెచ్చి నేరుగా నరహత్యకు అంటగట్టుట న్యాయము కాదు. కథలో గ్రహింపదగిన సంగతి వేఱొకటి కలదు. తానేమి చేసినదియు ముని యమసభకు పోయి అడిగి తెలిసికొనవలసి వచ్చెను. కొఱత పడిన శరీరము మహాతపస్విది, పుల్ల పట్టిన చేయి పసివానిది. నడుమ గడచిన కాలమును, ఆ కాలమున వాడు మాఱిన మాఱ్పును ధర్ముడు లెక్కలో వేయలేదు.

స్మృతులలో మఱియొక కొలత కలదు. పదునాఱేండ్లు నిండనివానికి ప్రాయశ్చిత్తము సగము చాలునని స్మృతివాక్యము. పెద్దవాని భారమంతయు బాలునిపై మోపలేదు, భారమే లేకుండ విడిచిపెట్టనును లేదు. ఇది మాండవ్యుని హద్దు కంటె హత్యానేరమునకు దగ్గఱగా వచ్చు మాట.

ఇక లోకమున జరిగిన యొక వ్యవహారమును చూడవలయును. 1993 ఫిబ్రవరి 12వ తేదీన, ఇంగ్లండున లివర్‌పూల్ నగరమునకు చేరువనున్న బూటిల్ పట్టణమున, ఒక తల్లి మాంసపు అంగడిలో సరకు తీసికొనుచుండగా, మూడేండ్లైన నిండని ఆమె కుమారుడు గుమ్మము కడనుండి తప్పిపోయెను. బడి యెగగొట్టి వచ్చిన పదేండ్ల బాలురిద్దఱు వాని చేయి పట్టుకొని రెండు మైళ్లకు పైగా నడిపించుకొని పోయిరి. త్రోవలో ముప్పదిమందికి పైగా వారిని చూచిరి. కొందఱు ఆపి యడిగిరి కూడ. పిల్లలు చెప్పిన మాట నమ్మి పోనిచ్చిరి. రైలుకట్టపై ఆ పసివానిని చంపిరి. ఎట్లు చంపిరో ఈ సభలో చెప్పుట అనవసరము. విన్నవారికి నిద్ర పట్టదని మాత్రము చెప్పవచ్చును.

ఆ దేశమున పదేండ్లు నిండిన బాలుని నేరమునకు విచారింపవచ్చును. 1993 నవంబరులో ప్రెస్టన్ పట్టణమున పెద్దలను విచారించు న్యాయస్థానముననే వారిని విచారించిరి. బాలురకు సభ కనబడుటకై బోను అడుగును ఎత్తు చేయవలసి వచ్చెను. నేరము స్థిరపడెను. గడువు చెప్పని నిర్బంధము విధింపబడెను. విడుదల మాట తలపెట్టుటకు ముందు కనీసమెన్నియేండ్లు లోపల నుండవలెను అన్న లెక్క మిగిలెను. ఈ లెక్క నడచిన తీరును చిత్తగింపుడు. విచారించిన న్యాయమూర్తి 8 ఏండ్లు చాలుననెను. ప్రధాన న్యాయమూర్తి 10 చేసెను. అంతట దేశమున కోపము మిన్నుముట్టెను. వారిని చిరకాలము లోపలనే యుంచవలెనని కోరిన అర్జీలపై రెండు లక్షల డెబ్బది వేలకు పైగా చేవ్రాళ్లు పడెను. ఒక పత్రిక తన పాఠకులచేత చీటీలు నింపించి పంపించెను. 1994లో హోంమంత్రి ఆ సంఖ్యను 15 చేసెను. నేరము మాఱలేదు, దానికి క్రొత్త సాక్ష్యమును పుట్టలేదు.

1997లో ప్రభువుల సభలోని న్యాయమూర్తులు ఆ 15ను కొట్టివేసిరి. మంత్రి ప్రజల కోలాహలమును తూకములో వేయుట తప్పనిరి. అంతకంటె ముఖ్యముగా, బాలుడు నిర్బంధములో నుండి యెదుగుచున్నప్పుడు వాని యెదుగుదలను చూడకయే సంఖ్యను బిగించుట చెల్లదనిరి. 1999లో యూరోపు మానవహక్కుల న్యాయస్థానము, ఆ బాలురకు న్యాయమైన విచారణ జరుగలేదని, పెద్దల సభలో ఏమి జరుగుచున్నదో గ్రహించి పాల్గొనగల స్థితిలో వారు లేరని తీర్పు చెప్పెను. 2000లో నూతన ప్రధాన న్యాయమూర్తి వుల్ఫ్ ప్రభువు తిరిగి 8 ఏండ్ల యొద్దకే వచ్చెను. అంతవఱకు వారు పిల్లలకై యేర్పఱచిన భద్రగృహములలో చదువుకొనుచుండిరి. ఆ మీద యువనేరస్థుల చెఱకు పంపినచో, వచ్చిన మేలు చెడునని ఆయన తలచెను. 2001 జూనులో, పదునెనిమిదేండ్ల ప్రాయమున, క్రొత్త పేళ్లతో వారిని విడిచిరి. విడిచినను జీవితాంతము షరతులకు లోబడి యుండవలెనని నియమము.

తరువాతి సంగతి రెండు పక్షములవారికిని రుచింపనిది. ఇరువురిలో నొకడు పిల్లల అశ్లీల చిత్రములు దాచినందులకు 2010లోను, 2018లోను మరల శిక్షపొందెను. రెండవవాడు మరల నేరము చేసినట్లు వార్త లేదు. నేరమొకటే, శిక్షయొకటే, గడపిన యేండ్లును సమానమే. ఒకే సంఖ్యతో ఇద్దఱిని కొలిచినందున ఇద్దఱును ఒకటి కాలేదు. ఒకనికి 8 ఏండ్లు చాలకపోవచ్చును. రెండవవానికి 15 ఏండ్లు వృథా కావచ్చును. 1993లో బోనులో నిలిచిన ఇద్దఱిని చూచి ఈ భేదమును ఎవరు చెప్పియుందురు?

ఇచ్చట చనిపోయిన బాలుని తల్లి మాట వచ్చును. ఎనిమిదేండ్లు చాలవని ఆమె పోరాడెను. ఆమెకు నీతి చెప్పగల యధికారము ఏ గ్రంథమునకును లేదు. పోతన భాగవతమున, నిద్రించుచున్న తన కుమారులను చంపిన అశ్వత్థామను కట్టి తెచ్చినప్పుడు, వాని తల్లి తనవలె ఏడ్వరాదని ద్రౌపది విడిపించినది. ఆ ఘట్టమును చదివి కన్నీరు పెట్టనివారుండరు. కాని ద్రౌపది అట్లనినదని, బిడ్డను పోగొట్టుకొన్న ప్రతి తల్లియు అట్లే అనవలెనని తక్కినవారు బోధించుట క్రౌర్యము. ఆ తల్లి దుఃఖమునకు గడువు లేదు. ఆమె అడిగిన సంఖ్యను న్యాయస్థానము ఇచ్చితీరవలెనా యనునది వేఱు ప్రశ్న.

అమెరికాలో ఇందుకు భిన్నమైన లెక్క నడచెను. లూయిజియానా రాష్ట్రమున 1963లో పదునేడేండ్ల కుఱ్ఱవాడొకడు పోలీసు అధికారి నొకనిని కాల్చి చంపెను. మొదట పడిన ఉరిశిక్ష రద్దు కాగా, తిరుగు విచారణలో విడుదల లేని యావజ్జీవ శిక్ష పడెను. బాలురకు అట్టి శిక్షను తప్పనిసరిగా విధించు శాసనములు చెల్లవని ఆ దేశపు సుప్రీంకోర్టు 2012లో చెప్పెను. ఆ తీర్పు పాతవారికిని వర్తించునని 2016లో చెప్పినది ఈతని వ్యాజ్యములోనే. అప్పటికిని రెండుసార్లు విడుదల నిరాకరింపబడి, 2021 నవంబరులో ఆతడు వెలుపలికి వచ్చెను. వయస్సు 75. లోపల గడచినది 57 ఏండ్లు. చెఱలో కుఱ్ఱ ఖైదీలకు మల్లయుద్ధమువంటి ముష్టియుద్ధ క్రీడను నేర్పుచు మంచి మాటలు చెప్పెడివాడని న్యాయస్థానమునకు విన్నవించిరి. విడిచినది కాల్చినవానినా, మఱియొకనినా? మాండవ్యుడు ధర్ముని అడిగినది ఇంచుమించు ఇదియే.

ఇక మన దేశము. ఏడేండ్ల లోపువాని పని నేరము కాదనియు, పండ్రెండేండ్లలోపు వానికి తన పని యెట్టిదో తెలియు పరిపక్వత లేనిచో నేరము కాదనియు 1860 నాటి శిక్షాస్మృతి చెప్పెను. 2024 జులై 1 నుండి అమలులోనికి వచ్చిన న్యాయసంహితయు అట్లే చెప్పుచున్నది. బాలాపరాధులకు ప్రత్యేక శాసనము చేయుటలో మన ప్రాంతము వెనుకబడలేదు. తెలుగు జిల్లాలు మద్రాసు రాజధానిలో నున్న కాలమున, 1920లోనే మద్రాసు బాలల చట్టము వచ్చెను. బెంగాలు, బొంబాయి చట్టములు దాని తరువాతివి.

2012 డిసెంబరున ఢిల్లీలో బస్సులో జరిగిన ఘోరమున, నిందితులార్గురిలో నొకనికి పదునెనిమిదేండ్లకు కొన్ని నెలలు తక్కువ. వానికి 2013 ఆగస్టులో అప్పటి చట్టముననుసరించి గరిష్ఠమైన మూడేండ్లు పడెను. 2015 డిసెంబరులో విడుదలయ్యెను. ఆ దినములలోనే రాజ్యసభ ఆమోదించిన క్రొత్త చట్టము 2016 జనవరి 15 నుండి అమలులోనికి వచ్చెను. వయోపరిమితి తగ్గింపవలదని జస్టిస్ వర్మ సంఘము 2013లో చెప్పియుండెను. చట్టము మధ్యేమార్గమును పట్టెను. పదునాఱు మొదలు పదునెనిమిదేండ్లలోపు వాడు ఘోరనేరము చేసినచో, వాని మానసిక శక్తిని, ఫలితము తెలిసికొను జ్ఞానమును, పరిస్థితులను బోర్డు ముందు పరీక్షింపవలెను. పిదప పెద్దవానివలె విచారింపవచ్చును. ఉరి గాని, విడుదలకు వీలులేని యావజ్జీవము గాని పనికిరాదు. ఇరువదియొక్క యేడు వచ్చువఱకు చెఱసాలకు పంపక సురక్షిత స్థలముననే యుంచి చదువు, పని నేర్పవలెను. ఆ వయస్సున న్యాయస్థానము వానిని మరల చూచి, మాఱినాడా లేదా యని తేల్చి, విడుచుటయో, మిగిలిన శిక్షకు చెఱకు పంపుటయో చేయవలెను. పదునాఱేండ్ల లోపువానికి మాత్రము ఎంతటి హత్యయైనను మూడేండ్లే. ఇది సరికాదు. మూడేండ్లు కాగానే తలుపు తెఱచుటలోను, ముప్పదియేండ్లు తెఱువకుండుటలోను లోపల నున్నవానిని చూచుట యనునది లేదు.

భూమిశిస్తు సంగతి ఈ సభవారికి చెప్పనక్కఱలేదు. జమీందారీలలో 1802 నాటి శాశ్వత నిర్ణయము పేష్కషును ఒకసారి బిగించివేసెను. రైతువారీలో రేటు ముప్పదియేండ్లకు నిర్ణయమైనను, ఏ సర్వే నంబరు సాగైనది, ఏది బీడు పడినది, పంట యెంత పోయినది అని అడంగలులో వ్రాసి, ప్రతి ఫసలీకిని జమాబందీ జరిపి, తగినచోట వజా ఇచ్చెడివారు. హత్య చేసిన బాలునకు శిక్షలో పైహద్దు పెద్దదిగానే యుండవచ్చును. ప్రాణము పోయినప్పుడు అది చిన్నదిగా నుండుట తగదు. కాని దానికి జమాబందీ యుండవలెను. హద్దు ఇరువదియేండ్లైనను ఐదవయేట విడుదలకు అర్హుడు కావచ్చును, ఐదేండ్లతో తీఱదని తేలినచో నిలుపవచ్చును. 2015 చట్టమున ప్రతి సంవత్సరమును వాని పురోగతిపై నివేదిక న్యాయస్థానమునకు రావలెనని యున్నది. చట్టమంతటిలో విలువైనది ఆ యొక్క వాక్యమే. వ్రాయు ఉద్యోగి బాలునితో కూర్చుండి మాటలాడి వ్రాయవలెను. పొలమునకు పోకయే క్రిందటి ఫసలీ అడంగలు నకలు తీసినట్లు వ్రాసినచో ఆ వాక్యమునకు ఫలము లేదు. ఏమి చదివినాడు, ఏ పని నేర్చినాడు, తాను చంపినవారి పేరు వినినప్పుడు ఏమనినాడు అనునవి యందుండవలెను.

ఆ నివేదికను మృతుని తలిదండ్రులకును చదివి వినిపించుట ఉచితము. వారు ఒప్పుకొనకపోవచ్చును, వినుటకైనను రాకపోవచ్చును. అయినను ప్రతి సంవత్సరము వారికి కబురు పంపవలెను.