వికారమునకు మణికట్టు ఒత్తుడు: పరీక్షలలో తేలినదెంత?

(మన సంఘ భవనమున మహిళా విభాగమువారు ఏర్పాటు చేసిన ఆరోగ్యసభలో కార్యవర్గము పక్షమున చేయబడిన ప్రసంగ పాఠము)



నూలు వ్యాపారము చేసికొని బ్రతుకువారము, మెట్రిక్యులేషన్‌తో చదువు చాలించినవారము, వైద్యవిషయము మాకేల యని కొందరికి తోచవచ్చును. మేము వైద్యము చెప్పుటకు నిలువలేదు. కార్యవర్గము ముందునకు ఒక ప్రశ్న వచ్చినది. దానికి సమాధానము వెదకి మీ ముందుంచుట మా విధి.

ఆ ప్రశ్న యిది. మణికట్టుపై నొక స్థానమును ఒత్తినచో వాంతులు కట్టునని చెప్పి, గుండీ కుట్టిన పట్టీలను అమ్మువారొకరు మన భవనమున శిబిరము పెట్టుటకు అనుమతి కోరిరి. కాన్సరు మందులు ఎక్కించుకొనువారు ఆ పట్టీ కట్టుకొన్నచో ఆసుపత్రివారిచ్చు వాంతి మాత్రలతో పనియే లేదనియు చెప్పిరి. మన పేటలో అట్టి రోగులున్న ఇండ్లు ఎన్ని గలవో మీకు తెలియును. వికారము భరింపలేక చికిత్సనే నడుమ మానివేసినవారిని గూడ మనమెరుగుదుము. కావున ఈ మాటలో గింజ యెంత, తాలు ఎంత అని చెరిగి చూడక తప్పలేదు.

ఈ విద్య చీనాదేశమునకు చెందినది. అయినను మన షోలాపురమునకు ఆ దేశపు వైద్యముతో ఒక సంబంధము గలదు. ఈ ఊర 1910లో జన్మించిన డాక్టరు ద్వారకానాథ్ కోట్నీస్ 1938లో భారత వైద్యబృందముతో చీనాకు వెడలి, యుద్ధమున గాయపడినవారికి సేవ చేయుచు 1942లో అచటనే కన్నుమూసెను. ఆ బృందములోని ఐదుగురిలో ఒకరైన డాక్టరు బిజయ్ కుమార్ బసు తరువాతి కాలమున మరల చీనాకు పోయి సూదిచికిత్సను, అనగా ఆక్యుపంక్చర్‌ను, అభ్యసించి కలకత్తాకు తెచ్చెను. సూదికి బదులు వ్రేలితో ఒత్తుటయే ఆక్యుప్రెషర్.

వికారమునకు చెప్పబడిన స్థానము ముంజేతి లోపలి వైపున నున్నది. చీనావారు దానిని నేయ్‌గ్వాన్ అందురు. లోపలి ద్వారమని అర్థము. పరిశోధకుల గ్రంథములలో దాని గుర్తు పి-6. ఐర్లండు ద్వీపములోని బెల్‌ఫాస్ట్ నగరమున మత్తుమందు శాస్త్రాచార్యుడైన జాన్ డండీ, చిన్న శస్త్రచికిత్సలు చేయించుకొను స్త్రీలకు అచట సూది గ్రుచ్చగా వాంతులు తగ్గినవని 1986లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రకటించెను. ఆ స్థానమున ముందుగా తిమ్మిరిమందు ఎక్కించినచో సూది పనిచేయదని 1991లో ఆయనయు ఆయన సహచరుడును తెలిపిరి. ఆ చోట చర్మము క్రింద మీడియన్ అను పెద్ద నరము పోవుచున్నది. ఫలితము నరముల ద్వారా కలుగునేమో యని తలచుటకు ఇది యొక ఆధారము.

అయితే వాంతి యనునది మనస్సునకు లోబడునది. తగ్గునని నమ్మినవానికి కొంత తగ్గును. మరి ఫలితము ఒత్తుడు వలన కలిగినదా, నమ్మకము వలన కలిగినదా? వ్యాపారస్థులకిది క్రొత్త ప్రశ్న కాదు. సరుకు తూచుటకు ముందు ఖాళీ త్రాసును ఎత్తి, తట్టలు రెండును సమముగా నిలుచుచున్నవో లేవో చూచెదము. పరిశోధకులును అట్లే చేయుదురు. కొందరికి నిజమైన స్థానమున, కొందరికి ఉత్తుత్తి స్థానమున ఒత్తుదురు. ఎవరికేదియో రోగికి తెలియనీయరు. జర్మనీలోని హైడెల్‌బర్గ్ వైద్యులు 1998లో ఒక మొద్దుసూదిని వర్ణించిరి. చర్మమును తాకగనే అది నాటకపు కత్తివలె పిడిలోనికి జారిపోవును. గ్రుచ్చినట్లు తోచునే కాని గ్రుచ్చుకొనదు.

ఇట్టి పరీక్షలను కూడి లెక్క చూచు కాక్రేన్ సంస్థవారు శస్త్రచికిత్స తరువాతి వికారమును గురించి 2015లో 59 పరీక్షలను, 7,667 మందిని లెక్కలోనికి తీసికొనిరి. ఉత్తుత్తి చికిత్స పొందినవారికంటె నిజమైన స్థానమున చికిత్స పొందినవారిలో వికారమునకు లోనైనవారు సుమారు మూడవ వంతు తక్కువ. వాంతి మందులతో పోల్చి చూడగా పెద్ద భేదము కానరాలేదు. అయితే ఉత్తుత్తి చికిత్సతో పోల్చిన పరీక్షలు ఒకదానితో నొకటి పొందక, కొన్ని సరిగా నడుపబడక పోవుటచే ఆ సాక్ష్యము బలహీనమనియు వారే వ్రాసిరి. జమ నిజమే, పద్దులన్నియు శుద్ధము కావు.

కాన్సరు మందుల విషయము వేరు. అమెరికాలో 104 మంది స్తనకాన్సరు రోగులపై జరిగి 2000 సంవత్సరమున ప్రకటింపబడిన పరీక్షలో, మందులతోపాటు విద్యుత్తు చేర్చిన సూదిచికిత్స పొందినవారికి ఐదు దినములలో వాంతులు మధ్యస్థముగా 5 సార్లు. పైపైన సూది తాకించినవారికి 10. మందులు మాత్రమే తీసికొన్నవారికి 15. తరువాతి తొమ్మిది దినములలో ఆ భేదము నిలువలేదు. పైగా నాటి మందులు నేటివంటివి కావు. ఒండాన్‌సెట్రాన్ అను గట్టి మందు అందరికిని ఇచ్చి, 80 మందిపై మొద్దుసూదితో పోల్చి చూచిన జర్మను పరీక్షలో, 2003లో, ఏ భేదమును కనబడలేదు. మణికట్టు పట్టీలనే బ్రిటనులో 500 మంది రోగులపై పరీక్షించిరి. నిజపు పట్టీ, ఉత్తుత్తి పట్టీ, వట్టి మందు అను మూడు వర్గముల నడుమ నిశ్చయమైన భేదము తేలలేదు.

వేవిళ్ల సంగతికి వచ్చిన, ఆస్ట్రేలియాలో 593 మంది గర్భిణులపై జరిగి 2002లో ప్రకటింపబడిన పరీక్షలో సూదిచికిత్స వికారమును కొంత తగ్గించెను, వాంతులను తగ్గింపలేదు. ఉత్తుత్తి సూది పొందినవారికిని కొన్ని వారములలో మేలే కనబడెను.

ఈ చిట్టా అంతయు ఆవర్జాకు ఎక్కించి చూడగా తేలిన నిలువ యిది. ఒత్తుడు మోసము కాదు; మందునకు మారును కాదు. శస్త్రచికిత్స తరువాత, వేవిళ్లలో, ఖర్చులేని తోడుగా ప్రయత్నింపవచ్చును. కాన్సరు రోగి దానిని నమ్మి వాంతి మాత్ర మానుట, మూలధనము పోగొట్టుకొని వడ్డీకై ఎదురుచూచుట వంటిది.

విధానము సులభము. రోగి చేతి మూడు వ్రేళ్లను మణికట్టు మొదటి ముడుతకు ఆనించి అడ్డముగా పెట్టుడు. చూపుడువ్రేలు వచ్చినచోట, రెండు నరాలవలె తగులు స్నాయువుల నడుమ, బొటనవ్రేలితో నొప్పి పుట్టకుండ రెండు మూడు నిమిషములు ఒత్తుడు. సెలైను ఎక్కుచున్న చేతిని, పుండు గల లేక వాచిన చేతిని ముట్టరాదు. కాన్సరు మందుల వలన రక్తకణములు తగ్గియుండవచ్చును గనుక, ఆసుపత్రివారిని అడుగక సూదులు గ్రుచ్చించుకొనరాదు. గర్భిణికి నీరైన నిలువక మూత్రము తగ్గినను, తలకు దెబ్బ తగిలి వాంతి వచ్చినను, ఛాతీనొప్పితో వికారము కలిగినను, మణికట్టు ఒత్తుచు కూర్చుండక తక్షణమే ఆసుపత్రికి పోవలెను.

మరియొక మాట. తాతలనాడు తెలంగాణము నుండి మగ్గముతో వచ్చి ఇచట స్థిరపడితిమి. ఇంట తెలుగు నిలుపుకొంటిమి. అది మనకు గర్వకారణము. కాని ఒక ఆసుపత్రిలో మన పేట పెద్దమ్మ యొకరు "కడుపులో తిప్పుతున్నది" అని పొట్టపై చేయివేసి చూపగా, నొప్పియని తలచి నొప్పిమాత్ర యిచ్చిరి. మరాఠీలో దానిని మళ్‌మళ్ అందురు. వాంతిని ఉల్టీ యందురు. ఈ రెండు మాటలు వచ్చియున్నచో ఆమె రాత్రియంతయు బాధపడకపోవును. ఏ మందు తరువాత, ఎన్నిసార్లు వాంతియైనదో డాక్టరునకు తెలిసిననే కదా మందు మార్చుట!

కావున కార్యవర్గము తీర్మానించినది మూడు విషయములు. ఒకటి, పట్టీలమ్ము శిబిరమునకు మన భవనమీయబడదు. రెండు, ఒత్తు విధానమును మహిళా విభాగమువారు ఆదివారములందు ఉచితముగా నేర్పుదురు. మూడు, మరాఠీ రాని రోగులతో ఆసుపత్రికి తోడుపోవుటకు యువకుల, యువతుల పేర్లు వ్రాసికొనబడును.

మూడవదానికి ధనము అక్కరలేదు, మనుష్యులు కావలెను. పేర్ల పుస్తకము ద్వారము వద్ద బల్లపై నున్నది. మా యింటి పిల్లల పేర్లతో మొదటి వరుస నింపితిమి. మిగిలిన వరుసలు మీవి.