విల్లుకు దుర్భిణి - చేనుకు కాపలా



ఈనాటి ప్రసంగ విషయం కొంచెం కొత్తది. మక్కజొన్న కంకి పాలు పట్టే వేళకూ, వేరుశనగ కాయ ఊరే వేళకూ చేలమీద అడవిపందులు పడడం మీకు తెలిసిందే. ఒక్క మంద ఒక్క రాత్రిలో చేసిన పాడు ఎంతో, తెల్లవారి గట్టుమీద నిలబడి చూసుకున్నవారికే ఎరుక. ఆ బాధ పడలేక కొందరు యువ రైతులు మమ్మల్ని ఇట్లా అడుగుతున్నారు: "సార్, విదేశాలలో క్రాస్‌బో అని ఒక విల్లు ఉన్నదట. దానికి దుర్భిణి బిగించుకుంటే రాత్రిపూట చప్పుడు లేకుండా పందిని కొట్టవచ్చునట. పాతబస్తీ బజార్లలో వెతికితే దొరుకుతుందా? ఎటువంటి దుర్భిణి కొనమంటారు?"

"వద్దు నాయనా" అని ఒక్కమాట చెప్పి ఊరుకోవచ్చును. కాని ఎందుకు వద్దో తెలియనిదే ఆ మాట చెవికెక్కదు. అందుచేత ఆ విల్లు ఏమిటో, దుర్భిణి దానికి ఏమి చేస్తుందో, ఏమి చేయలేదో ముందు చూద్దాం. తరువాత మన చేనుకు నిజంగా పనికివచ్చే దుర్భిణి ఏదో, దానిని బజారులో ఎట్లా పరీక్షించి కొనాలో, ఎట్లా వాడుకోవాలో చెబుతాను.

క్రాస్‌బో అంటే తుపాకి కట్టెవంటి దానికి అడ్డంగా విల్లు బిగించిన పనిముట్టు. నారిని వెనక్కు లాగి కొక్కేనికి తగిలించి, పొట్టి బాణం ఒకటి గాడిలో పెట్టి, మీట నొక్కితే బాణం పోతుంది. అమెరికాలో అనేక రాష్ట్రాలలో జింకల వేటకు చట్టప్రకారమే దీనిని వాడతారు. బ్రిటన్‌లో మాత్రం 1981 నాటి చట్టం క్రాస్‌బోతో అడవి జంతువులను చంపడాన్ని నిషేధించింది. అంటే ఆయుధం ఒక్కటే అయినా దేశాన్నిబట్టి నియమం వేరు. మన దేశపు నియమం సంగతి తరువాత చెబుతాను.

ఈ విల్లుకు దుర్భిణి ఎందుకు పెడతారు? బాణం నెమ్మది గనుక. రైఫిలు గుండు సెకనుకు 2,500 అడుగులకు పైగా పోతుంది. క్రాస్‌బో బాణం సాధారణంగా 300, 400 అడుగులే పోతుంది. నెమ్మదిగా పోయేది దారిలో ఎక్కువ సేపు ఉంటుంది, ఆ మేరకు భూమి దానిని కిందికి లాగుతుంది. 300 అడుగుల వేగం ఉన్న బాణాన్ని తీసుకోండి. 20 గజాలు పోయేసరికి అది 8 అంగుళాలు దిగుతుంది. 40 గజాలకు 16 దిగుతుందని మీరనుకుంటారు. కాదు, 31 అంగుళాలు దిగుతుంది! దూరం రెండింతలయితే దిగుడు నాలుగింతలు అవుతుందన్నమాట.

దీనికి మనకందరికీ తెలిసిన కొలబద్ద ఒకటి ఉన్నది. పాతబస్తీ నడుమ 1591లో కట్టిన చార్మినార్ ఎత్తు 56 మీటర్లు, అంటే 60 గజాల పైచిలుకు. ఆ మినారును నేలమీద పడుకోబెట్టినట్టు ఊహించుకోండి. ఈ మొదటి నుంచి ఆ కొసకు బాణం చేరేలోగా సుమారు 6 అడుగులు, నిలువెత్తు మనిషంత, కిందికి దిగుతుంది. అంతే దూరం పోయిన రైఫిలు గుండు దిగేది అంగుళం మాత్రమే.

అందుకనే క్రాస్‌బో దుర్భిణిలో ఒక్క గీత గాక, ఒకదాని కింద ఒకటిగా నాలుగైదు గీతలు ఉంటాయి. పై గీత 20 గజాలకు, దాని కిందిది 30కి, ఆ తరువాతవి 40కి, 50కి. దానిని అమర్చేవాడు మొదట దుర్భిణిని వాలు లేకుండా నిటారుగా బిగించాలి. అది ఏ కాస్త పక్కకు ఒరిగినా బాణం పక్కకు పోతుంది. పిమ్మట విల్లును ఇసుక సంచిమీద కదలకుండా ఆనించి, 20 గజాలలో గడ్డి మోపును గురిగా పెట్టుకుని మూడు బాణాలు వదలాలి. మూడింటి నడిమి చోటు చూసి పై గీతను సరిచేయాలి. ఒక్క బాణం చూసి మర తిప్పితే లెక్క తప్పుతుంది. తరువాత 30, 40 గజాలలో కింది గీతలను పరీక్షించాలి. ఆ గీతలు ఒకానొక వేగానికి లెక్కగట్టినవి. కొన్ని దుర్భిణులకు బాణం వేగాన్నిబట్టి తిప్పుకునే కడియం కూడా ఉంటుంది. బాణం బరువు మారితే వేగం మారుతుంది, వేగం మారితే గీతల లెక్క మొదటికి వస్తుంది.

ఇంతదాకా పగటి మాట. ఇప్పుడు రాత్రి చేలోకి రండి. 40 గజాలలో ఉన్న పందిని చీకటిలో మీరు 30 గజాలలో ఉన్నదనుకున్నారు. 30 గజాల గీతతో కొట్టారు. బాణం అనుకున్న చోటికి 8 అంగుళాలు కిందికి పోతుంది. గుండెకు తగలవలసినది కాలికో, పొట్ట అడుగునో తగులుతుంది. బాణం గుండువలె అదటుతో పడగొట్టదు, రక్తం పోయి మృగం చావాలి. సరిగా తగిలిన మృగమే కొంత దూరం పరుగెత్తి పడుతుంది. సరిగా తగలనిది గాయంతో మీ మక్కచేలోనే దాగుతుంది. తెల్లవారి కలుపుకో, గడ్డికో పోయిన ఆడమనిషి మీదికి అది తిరగబడితే ఎవరిది పూచీ?

"చప్పుడు లేకుండా" అన్నమాట కూడా నిజం కాదు. నారి విడిచిన చప్పుడు గాలిలో సెకనుకు 1,100 అడుగులు పోతుంది. 40 గజాలలో ఉన్న పందికి ముందు చప్పుడు వినిపిస్తుంది, బాణం ఆ వెనుక వస్తుంది. ఈలోగా ఉలిక్కిపడి అడుగు వేయడానికి పందికి వ్యవధి ఉన్నది.

ఇక దుర్భిణికి ఉన్న పెద్ద లోపం ఇది. దూరాన ఉన్నదానిని ఎంత దగ్గరకు తెస్తే, కనిపించే మేర అంత ఇరుకవుతుంది. గొట్టంలోంచి చూసేవాడికి పంది ఒక్కటే కనిపిస్తుంది. దాని పక్కన ఎవరున్నారో, వెనుక గట్టుమీద నీళ్లు కట్టుకునే పొరుగు రైతు ఉన్నాడో లేడో కనిపించదు. గొంగడి కప్పుకుని వంగి మడవ తిప్పే మనిషి చీకటిలో పంది ఆకారంగానే అగుపిస్తాడు. ఆయుధానికి బిగించిన దుర్భిణితో "అదేమిటో చూద్దాం" అని చూడడమంటే, చూసిన ప్రతిదానిమీదా గురి పెట్టడమే. అది మన తమ్ముడు కావచ్చు, మన ఎద్దు కావచ్చు.

ఇప్పుడు చట్టం సంగతి. అడవిపంది 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఉన్న మృగం. విల్లుతో చంపినా, ఉచ్చు పన్నినా, మందు పెట్టినా, అనుమతి లేనిదే అది నేరం. జైలు, జరిమానా రెండూ ఉన్నవి. అయితే రైతు గోడు ఆ చట్టం వినలేదని కాదు. మనుషుల ప్రాణానికి గాని, నిలిచిన పంటకు గాని ముప్పు తెచ్చే ఇట్టి మృగాన్ని చంపడానికి, కారణాలు చూపి రాతమూలకంగా ఉత్తర్వు ఇచ్చే అధికారం దాని 11వ సెక్షన్‌లో ఉన్నది. ఆ అధికారం రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షకునిది, లేదా అందుకు నియమితుడైన అధికారిది. మీ ప్రాంతంలో అది ఎవరి చేతిలో ఉన్నదో అటవీ రేంజి ఆఫీసులో కనుక్కోండి. ఉత్తర్వు ప్రకారం చంపిన మృగం కూడా మనది కాదు, ప్రభుత్వపు ఆస్తి. మాంసం పంచుకోరాదు.

మరి దుర్భిణి రైతుకు పనికిరాదా? బాగా పనికివస్తుంది. విల్లుకు బిగించేది కాదు, మెడలో వేసుకుని రెండు కళ్లతో చూసే జంట దుర్భిణి. గురి పెట్టకుండా చూడవచ్చు, విశాలంగా చూడవచ్చు.

దానిమీద 7 × 50, 8 × 40, 10 × 25 అని అంకెలు ఉంటాయి. మొదటి అంకె ఎన్ని రెట్లు దగ్గరగా చూపుతుందో చెబుతుంది. రెండవది ముందరి అద్దం వెడల్పు, మిల్లీమీటర్లలో. రెండవదానిని మొదటిదానితో భాగించండి. వచ్చినది కంటికి చేరే వెలుగు చుక్క వెడల్పు. 50ని 7తో భాగిస్తే 7 మిల్లీమీటర్లు, 40ని 8తో భాగిస్తే 5, 25ని 10తో భాగిస్తే రెండున్నర. చీకటిలో వయసులో ఉన్నవారి కంటిపాప సుమారు 7 మిల్లీమీటర్లు విచ్చుకుంటుంది. వయసు మళ్లినవారిది 5 వరకే. కనుక మునిమాపువేళ కాపలాకు కుర్రవాళ్లకు 7 × 50, పెద్దవాళ్లకు 8 × 40 చాలు. "పది రెట్లు, ఇరవై రెట్లు" అని దుకాణదారు ఊరించినా చిన్న అద్దాల దుర్భిణి తీసుకోకండి. పగలు బాగానే ఉంటుంది, పొద్దు గూకితే మసకే. పైగా రెట్లు పెరిగినకొద్దీ చెయ్యి వణుకు కూడా అన్ని రెట్లు పెరుగుతుంది. ఒకటి గుర్తుంచుకోండి: ఏ మామూలు దుర్భిణీ వెలుగును పుట్టించదు, ఉన్న వెలుగును కూడగట్టి ఇస్తుంది. అమావాస్య చీకటిలో అది కూడా గుడ్డిదే.

కూరగాయలు వేసుకుని మీర్ ఆలం మండీకి వచ్చే రైతులు, తిరుగు ప్రయాణంలో చార్మినార్ పక్క వీధులలోనో, పురానాపూల్ దగ్గరి జుమేరాత్ బజారులోనో పాత సామాను చూస్తుంటారు. పాత దుర్భిణి కొనేటట్లయితే నాలుగు పరీక్షలు చేయండి. మొదటిది: పెద్ద అద్దం వైపునుంచి ఆకాశపు వెలుగుకు పట్టి లోపలికి చూడండి. సాలెగూడు పోగులవంటివి కనిపిస్తే అది బూజు. అటువంటిది ఊరికే ఇచ్చినా వద్దు. రెండవది: దూరపు మినారునో, కరెంటు స్తంభాన్నో రెండు కళ్లతో చూడండి. రెండు బొమ్మలు ఒక్కటిగా కలవాలి. కలవకపోతే గడియలో తలనొప్పి వస్తుంది. మూడవది: నడిమి చక్రం ఈ కొస నుంచి ఆ కొసకు పట్టు తప్పకుండా తిరగాలి. నాలుగవది: చెవి దగ్గర పెట్టి ఊపితే లోపల ఏదీ గలగలమనరాదు. ఇవన్నీ దుకాణం లోపల దీపం కింద గాక, బయట వీధిలో చూసుకోవాలి. సూర్యుని వైపు మాత్రం ఎన్నడూ పెట్టకండి, కన్ను పోతుంది.

వాడే పద్ధతి ఇది. పొద్దు గూకడానికి గంట ముందే మంచె ఎక్కండి. మోచేతులు మంచె కట్టెకు ఆనించి, చేను అంచును ఎడమ నుంచి కుడికి నింపాదిగా చూడండి. పందులు సాధారణంగా అలవాటయిన దారిన వస్తాయి. ఏ వాగు వైపునుంచి, ఏ పొదల సందునుంచి, ఏ వేళకు, పెద్దవి ఎన్ని, పిల్లలు ఎన్ని, ఇవన్నీ తేదీతో సహా ఒక నోటు పుస్తకంలో రాయండి. తెల్లవారి పాడయిన మేర ఎంతో కొలిచి దాని పక్కనే రాయండి. పది రోజులు రాస్తే మీ చేనుకు దొంగ ఏ దారిన వస్తున్నాడో తెలిసిపోతుంది. అటవీశాఖకు నష్టపరిహారం దరఖాస్తు పెట్టినా, వేట అనుమతి అడిగినా, "పందులు బాగా వస్తున్నాయండీ" అన్న నోటిమాటకంటే ఈ పుస్తకానికి విలువ ఎక్కువ.

దారి తెలిసిన పిమ్మట అడ్డు కట్టడం సులువు. రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో పంటను పాడుచేసే జంతువుల, పక్షుల నివారణమీద పరిశోధన జరుగుతున్నది. మక్కజొన్న చుట్టూ ఆముదం, వేరుశనగ చుట్టూ కుసుమ నాలుగు వరుసలు దట్టంగా వేసుకోమని సలహా. కుసుమ ముళ్లకు పంది మూతి పెట్టదు. ఆముదం వాసన లోపలి కంకి వాసనను కప్పుతుంది. చేయగలవారు సోలార్ కంచె వేసుకోవచ్చు. అది తట్టి వదిలేస్తుంది, ప్రాణం తీయదు. మోటారు కరెంటును తీగకు కలపడం మాత్రం కలలో కూడా తలపెట్టకండి. ఆ తీగకు పందికంటే ముందు పొరుగువాడో, మన పిల్లవాడో తగలవచ్చు. ఫోరేటు గుళికల మూటలు కట్టే పాత పద్ధతి కూడా మానవలసినదే. 2020 చివరినుంచి ఆ మందు మన దేశంలో నిషిద్ధం.

అనుమతి వచ్చి లైసెన్సు ఉన్న వేటగాడు మీ ఊరికి వస్తే, ఊరంతటికీ ముందుగా చాటింపు వేయించండి. ఆ రాత్రి ఎవరూ నీళ్లకు పోరాదు. మంచెమీద జంట దుర్భిణితో మరొకరు ఉండి, "పందే, వెనుక ఎవరూ లేరు" అని నిశ్చయంగా చెప్పిన తరువాతనే అతడు తుపాకి ఎత్తాలి.

దుర్భిణిని తుడిచేటప్పుడు ముందు దుమ్ము ఊది, పిమ్మట మెత్తని పాత నూలుగుడ్డతో అద్దాలను ఒత్తకుండా తుడవండి. కండువా కొంగుతో రుద్దితే గీతలు పడతాయి. వానాకాలంలో మూత గట్టిగా పట్టే డబ్బాలో, తేమ పీల్చే సిలికా పొట్లం వేసి దాచుకోండి.

చూసే గాజు, కొట్టే ఆయుధం రెండూ ఒక్కచోట బిగించుకుంటే తొందర మనదవుతుంది, ప్రాణం ఇంకొకరిదవుతుంది. చూసేదానిని మెడలో వేసుకోండి, చూసినదానిని పుస్తకంలో పెట్టండి. కొట్టే పనిని అనుమతి ఉన్నవానికి విడిచిపెట్టండి. ఆముదం, కుసుమ గింజలు ఈ తడవ విత్తనంతో పాటే తెచ్చుకుని, అంచు వరుసలు ప్రధాన పంటతో కలిపి ఒకే అదనులో వేయండి. ఆలస్యమయితే అడ్డు ఎదగకముందే పంది వస్తుంది. సందేహాలుంటే మీ మండల వ్యవసాయాధికారిని కలుసుకోండి.