పసుపు బాణపు గుర్తు
(శతాబ్ది కూటములలో చేసిన ప్రసంగ పాఠము)



"యాత్ర" అను అంశముపై మాట్లాడవలసినదిగా కమిటీవారు నన్ను కోరారు. నేను వేదాంతము చదివినవాడను కాను, రిటైరైన బడిపంతులును. కనుక నేను నడిచిన ఒక్క దినమును గూర్చి మాత్రమే చెబుతాను.

స్పెయిను దేశపు వాయవ్య మూలన సాంతియాగో అను పట్టణమున్నది. జెబెదయి కుమారుడైన యాకోబు అపొస్తలుని సమాధి అక్కడ ఉన్నదని తొమ్మిదవ శతాబ్దము నుండి నమ్ముతూ వస్తున్నారు. ఫ్రాన్సు సరిహద్దు కొండల నుండి అక్కడికి సుమారు 780 కిలోమీటర్ల కాలిబాట. ఐరోపాలో ఉద్యోగము చేసే మా అబ్బాయి దగ్గరకు వెళ్ళినప్పుడు, చివరి 190 కిలోమీటర్లయినా నడవాలని విల్యాఫ్రాంకా అను ఊరిలో బయలుదేరాను.

భక్తి పొంగి వెళ్ళాననుకునేరు. నా మనసులో ఒక ముల్లు ఉండేది. మా అమ్మ నలభై ఏండ్లు మా ఊరి గుడి ఊడ్చింది. శనివారము సాయంత్రము లాంతరు చిమ్నీలు ముగ్గుపిండితో తుడిచి పెట్టేది. గుడి తిరిగి కట్టినప్పుడు వేసిన శిలాఫలకముపై చందాదారుల పేర్లన్నీ ఉన్నాయి. ఆమె పేరు లేదు. ఆ మాట పట్టుకొని నేను ఆరేండ్లు సండేస్కూలు చెప్పడము మానుకున్నాను.

విల్యాఫ్రాంకాలో యాకోబు పేరిట ఒక పాత గుడి ఉన్నది. దాని పక్క ద్వారమునకు "క్షమాపణ ద్వారము" అని పేరు. జబ్బుపడి ముందుకు పోలేని యాత్రికులు పూర్వము అక్కడే ఆగినా, సాంతియాగో చేరినవారితో సమానముగా ఎంచేవారట. తెల్లవారుజామున దాని ముందు నుండే నడిచాను. ఆ ద్వారము నాకు అక్కర లేదనుకున్నాను.

ఆ దినపు నడక 28 కిలోమీటర్లు. మొదటి 20 కిలోమీటర్లు వాల్కార్సే ఏటి వెంబడి, తారురోడ్డు పక్కన. మధ్యాహ్నమునకు అరికాళ్ళు బొబ్బలెక్కాయి. తరువాతి 8 కిలోమీటర్లలోనే సుమారు 600 మీటర్లు ఎక్కాలి. మోకాళ్ళు వణికాయి, సీసాలో నీళ్ళయిపోయాయి, పైనుండి మంచు దిగింది. ఉదయము విడిచి వచ్చిన ద్వారము గుర్తుకు వచ్చింది. పోలేనివారి కొరకు దానిని కట్టినవారు ఎంత దయగలవారో అప్పుడు తెలిసింది.

ఒకచోట బాట రెండుగా చీలింది. నేను తల దించుకొని రోడ్డు వెంటనే పోయాను. అర కిలోమీటరు పోయాక ముందూ వెనుకా మనిషి జాడ లేదు. భయమేసి వెనుకకు వచ్చాను. చీలిక దగ్గర రాతిపై పసుపుపచ్చ బాణపు గుర్తు స్పష్టముగా ఉన్నది. గుర్తు లేక కాదు, నేను చూడక తప్పిపోయాను. ఆ గుర్తు పట్టుకొని లా ఫాబా అను పల్లె దాటి, చీకటిపడే వేళకు కొండమీది ఓ సెబ్రెయిరో చేరుకున్నాను. సత్రములో ఎవరో నా బూట్ల ముడి విప్పి వేడి సూపు చేతికిచ్చారు.

ఆ గుర్తుల కథ మరునాడు తెలిసింది. ఓ సెబ్రెయిరో గుడికి ఎలియాస్ వలిన్యా అను గురువు ఉండేవారు. 1980ల ఆరంభములో ఆ బాటన ఏటికి కొన్ని వందల మంది మాత్రమే నడిచేవారు. చాలాచోట్ల దారి మరుగునపడింది. ఆయన 1984లో కారులో పసుపు రంగు డబ్బాలు వేసుకొని, మలుపు మలుపునా బాణపు గుర్తులు వేస్తూ పోయారు. రోడ్డు పనులలో మిగిలిన రంగు అడిగి తెచ్చుకున్నారని చెప్పుకుంటారు. 1989లో ఆయన కన్నుమూశారు. 2023లో ఒక్క ఏడాదిలో, అన్ని బాటలవారు కలిపి, సాంతియాగో చేరి యాత్రాపత్రము పొందినవారు 4 లక్షల 40 వేలకు పైమాటే.

ఆ గుడి దగ్గర ఆయన విగ్రహమున్నది, నిజమే. కాని నన్ను దారికి తెచ్చిన గుర్తు మీద ఏ పేరూ లేదు. దానిని వేసినది ఆయన చేయియో, తరువాత రంగు దిద్దిన మరొకరి చేయియో నాకు తెలియదు. పేరు తెలియనందున నేను దారి తప్పలేదు.

అప్పుడు మా అమ్మ తుడిచిన చిమ్నీలు కళ్ళకు కట్టాయి. ఆ వెలుగులోనే కదా నేను మొదట వాక్యము చదివినది! ఆమె ఏనాడూ ఫలకము అడగలేదు. అడిగినది నేను, ఆమె పేరు చెప్పి నా కొరకు. అలిగి నేను మానుకున్న ఆరేండ్లలో మా పిల్లలకు ఒక మలుపున గుర్తు లేకుండా పోయింది. అది నా తప్పు. ఇంటికి వచ్చిన మొదటి ఆదివారమే వెళ్ళి తరగతి తిరిగి తీసుకున్నాను.

ప్రియులారా, ఈ శతాబ్ది సంచికలో ఎన్నో పేర్లున్నవి, ఉండవలసినవే. పేరు లేనివారు అంతకు మించి ఉన్నారు. ఈ సాయంత్రము ఇంటికి పోయి, మీకు దారి చూపిన అటువంటి ఒకరిని గూర్చి మీ పిల్లలకు చెప్పండి. వెనుక వచ్చేవారి కొరకు మీ మలుపున ఒక గుర్తు వేయండి. మా అమ్మ పేరు నేనిక్కడ చెప్పడము లేదు. ఇప్పుడు ఆ అవసరము నాకు కనబడడము లేదు.